పాత మోటారుసైకిలు – అమ్మువాని ధర్మము



ఈ సాయంకాలము నేను మీకు చెప్పదలచినది పురాణకథ గాదు, కావ్యవిమర్శయు గాదు. నలువది సంవత్సరములు నన్ను మోసిన యొక మోటారుసైకిలును నేనెట్లు అమ్మితినో, ఆ యమ్మకములో నేనేమి నేర్చుకొంటినో చెప్పెదను. “జీవితమంతయు బాలవ్యాకరణము బోధించిన పండితునకు ఇంజనుతో నేమి పని?” యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కాని క్రయవిక్రయములు లేని గృహస్థు డెవడు? ఎద్దు నమ్మితిమి, పొలము నమ్మితిమి, ధాన్య మమ్మితిమి. ఎడ్లకొట్టము లుండినచోట నేడు మోటారుబండ్లు నిలిచియున్నవి. వానిని గూడ నేడో రేపో అమ్మవలసినదే. అమ్మునప్పుడు మన మేమి చెప్పవలయును, ఏమి చేయవలయును అనునదే నేటి ప్రసంగము.

ముందుగా ఆ బండి సంగతి. అది 1972లో మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు కర్మాగారమున తయారైన ఎన్‌ఫీల్డు బుల్లెట్టు. దాని వంశచరిత్ర ముచ్చటైనది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1901లో తమ మొదటి మోటారుసైకిలును చేసిరి. బుల్లెట్టు అను పేరు 1930 తరువాతి యేండ్లలో వచ్చినది. మన దేశము స్వతంత్రమైన పిదప, 1950 దశాబ్దపు తొలిభాగమున, సరిహద్దుల కావలి కొఱకు మన సైన్యము ఈ బండ్లను తెప్పించుకొనెను. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడెను. మొదట ఇంగ్లండునుండి వచ్చిన భాగములను ఇక్కడ కూర్చుచుండిరి; తరువాత భాగములను గూడ ఇక్కడనే చేయసాగిరి. రెడిచ్ కర్మాగారము 1967లో మూతబడినది. 1970తో ఇంగ్లండున ఆ కంపెనీ కథయే ముగిసినది. పుట్టినిల్లు పాడుపడినను మెట్టినింట దీపము నిలిపిన యాడుబిడ్డవలె, బుల్లెట్టు మాత్రము మన దేశమున నిలిచినది.

దాని ఇంజనునకు సిలిండరు ఒక్కటే. కొలత 346 ఘన సెంటీమీటర్లు. సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, అందు పిస్టను పైకి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. ఈ రెండంకెలలోనే దాని స్వభావమంతయు నున్నది. వెడల్పు కన్న నడక యెక్కువగుటచే అది తొందరపడి తిరుగదు. మెల్లగా, బలముగా, ఒకే లయతో నడచును. పందెములకు పనికిరాదు గాని దూరప్రయాణములకు దానిని మించినది నేనెఱుగను. కుడికాలితో గేరు మార్చవలయును, ఎడమకాలితో బ్రేకు వేయవలయును. నేటి బండ్లకు ఇది తలక్రిందులు. అందుచేత మా యింటి పిల్లలెవ్వరును దానిని నడపనేర్వలేదు.

నేను 1984లో, ఉద్యోగమున చేరిన తొలిదినములలో, దానిని మఱియొకరి యొద్ద కొంటిని. వేసవి సెలవులు వచ్చినవనగా నా భార్యను వెనుక గూర్చుండబెట్టుకొని బయలుదేరెడివాడను. శ్రీశైలము, హంపి, లేపాక్షి, భద్రాచలము అన్నియు ఆ బండిమీదనే చూచితిమి. కరీంనగరము దరి కురిక్యాల చెంత బొమ్మలగుట్ట కలదు. పంపకవి తమ్ముడైన జినవల్లభుడు పదవ శతాబ్దమున చెక్కించిన కందపద్యములు ఆ బండపై నున్నవి. వానిని ముప్పది సంవత్సరములు తరగతిలో చెప్పితిని. కాని ఆ గుట్ట యెక్కి, ఎండలో ఆ యక్షరములను కన్నులార చూచిన దినముననే ఆ పద్యములు నావైనవి. ఆ భాగ్యము నాకు కలిగించినది ఈ బండి. కనుక దానిని నేను వట్టి యినుముగా నెన్నడును చూడలేదు.

చూడలేదు గావుననే శ్రద్ధగా కాపాడితిని. మొదటి దినమునుండి ఒక లెక్కపుస్తకము పెట్టితిని. పోసిన పెట్రోలు, మార్చిన నూనె, బిగించిన చైను, రుద్దిన ప్లగ్గు, వేసిన క్రొత్త టైరు, తేది, కిలోమీటర్లు, ఖర్చు, చేసిన మెకానిక్కు ఊరు, అన్నియు వ్రాసితిని. రెండువేల కిలోమీటర్ల కొకమాఱు ఇంజను నూనె మార్చుట నా నియమము. ఉగాదికి ఇల్లు అలికినట్లు అది తప్పలేదు. నలువది యేండ్లకు ఏడు నోటుపుస్తకములు నిండినవి. “బాగుగ చూచుకొన్న బండి” యని ప్రతి యమ్మువాడును చెప్పును. ఆ మాటకు సాక్ష్యము వ్రాతయే గాని నోరు గాదు.

ఆ పుస్తకములలో నాల్గవదానియందు ఒక పుట యున్నది. 1998 సంవత్సరము, శ్రావణమాసము. శ్రీశైలమునుండి దోర్నాలకు నల్లమల ఘాటులో దిగుచుంటిని. అప్పుడే జల్లు కురిసి వెలిసినది. మలుపులో ఒక అడవిపంది అడ్డముగా ఉఱికెను. బ్రేకు వేసితిని, బండి జాఱినది, నేనొక ప్రక్క, బండి యొక ప్రక్క. దైవకృపచే నాకు మోచేతి తోలు మాత్రమే లేచినది. బండికి ముందరి ఫోర్కు వంగినది. దానికన్న ముఖ్యము, చట్రమునకు ముందువైపున ఇంజను పైనుండి క్రిందికి దిగు గొట్టమునందు సన్నని చీలిక యేర్పడినది. మార్కాపురమున ఫోర్కు గొట్టములను మార్పించితిని. చీలికను మా మెకానిక్కు సాయిబుగారు వెల్డింగు చేసి, లోపల మఱియొక చిన్నగొట్టమును బిగించి, పైన నల్లరంగు వేసెను. “అయ్యవారూ, ఇంక ఈ అతుకు బండికన్న గట్టిది” అనెను. ఆయన మాట నిజమైనది. ఇరువదియారేండ్లలో ఆ యతుకు కదలలేదు. ఎంత చూచినను అది కంటికి గనబడదు. ఈ కనబడని యతుకే నేటి నా కథకు కీలకము.

2017లో ఉద్యోగవిరమణ చేసితిని. తరువాత నా కుడిమోకాలు అరిగినది. బుల్లెట్టును లేపుటకు ఒక పద్ధతి కలదు. తాళము త్రిప్పి, కిక్కుకడ్డీని మెల్లగ త్రొక్కుచు అమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువఱకు చూడవలయును. పిదప ఎడమచేతి దగ్గఱి చిన్నమీటను నొక్కి, సిలిండరులోని ఒత్తిడిని వదలి, కడ్డీని కొంచెము దింపి, మీటను విడిచి, అప్పుడు నిండుబలముతో ఒక్క తన్ను తన్నవలయును. ఈ క్రమము తప్పినచో కడ్డీ వెనుకకు తన్నును. అరిగిన మోకాలితో ఆ తాపు నెవడు తినగలడు? బండి దినదినము కొట్టములోనే నిలిచిపోయెను. నిలిచిన బండి నడచిన బండికన్న త్వరగా చెడును. ఇంతలో నా భార్యకు రెండు మోకాళ్లకును శస్త్రచికిత్స చేయింపవలయునని వైద్యులు చెప్పిరి. పింఛనుతో అది తీరునది గాదు. 2024లో బండి నమ్ముటకు నిశ్చయించుకొంటిమి.

వార్త తెలిసినంతనే ఒక మధ్యవర్తి వచ్చెను. ఆయన వెంట హైదరాబాదునుండి ఒక యువకుడు వచ్చెను. కంప్యూటరు ఉద్యోగి, పాతబండ్లపై మక్కువగలవాడు, మర్యాదస్థుడు. బండిని చూడగానే ఆతని మొగము వికసించినది. మొదటి తన్నుకే ఇంజను లేచినది. ఆ శబ్దమును విని యువకుడు, “మాస్టారూ, లక్షా యెనుబదివేలు ఇచ్చెదను. ఈ బండి మీద లడఖు వఱకు పోవలయునని నా కోరిక” అనెను. అంత ధర పలుకునని నేను కలనైన ననుకొనలేదు. ఆ సొమ్ముతో మా యింటి యక్కఱ చాలవఱకు తీరును.

మధ్యవర్తికి మా మెకానిక్కు వలన అతుకు సంగతి ముందే తెలిసియుండెను. ఆయన నన్ను వేపచెట్టు క్రిందికి పిలిచి, “అయ్యవారూ, అతుకు మాట మీరెత్తవద్దు. ఆయన అడుగలేదు, మీరు చెప్పలేదు. ఇందులో అబద్ధమేమున్నది?” అనెను.

అబద్ధమేమున్నది? పెద్దలారా, ఈ ప్రశ్నకు వెంటనే ఉత్తరము చెప్పలేకపోతినని ఒప్పుకొనుచున్నాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు సత్యమును గూర్చి పాఠములు చెప్పినవాడను, వేపచెట్టు క్రింద ఒక నిముసము మౌనముగ నిలిచిపోతిని. ఇరువదియారేండ్లు నిలిచిన అతుకు ఇంక నేమగును? అని మనస్సు వాదించినది. లోపలికి పోయి నా భార్యతో చెప్పితిని. ఆమె పెద్దచదువు చదువలేదు. “ఆ పిల్లవాడు దానిమీద కొండ లెక్కునట గదా. మనము పడినది గూడ కొండమీదనే. చెప్పకుండ అమ్మిన సొమ్ముతో బాగుచేసిన మోకాళ్లతో నేను గుడిమెట్లు ఎక్కలేను” అనెను. నాకు దొరకని యుత్తరము ఆమెకు దొరికినది.

నేను నాల్గవ నోటుపుస్తకమును తెచ్చి, 1998 నాటి పుటను విప్పి, యువకుని చేతికిచ్చితిని. చట్రము దగ్గఱ కూర్చుండబెట్టి, అతుకున్నచోట ఆతని వ్రేలిని నేనే పెట్టితిని. ఆతడు చాలసేపు చూచెను. “మీరు చెప్పుట మంచిదైనది. కాని అంతదూరము సామానుతో పోవుటకు నాకు ధైర్యము చాలదు” అని నమస్కరించి వెడలిపోయెను. మధ్యవర్తి నా వైపు చూడనైన చూడలేదు. తరువాత ఒక నెల వఱకు ఎవ్వరును రాలేదు. నిజము చెప్పిన మఱునాడే ఎవరో వచ్చి పూలదండ వేయుదురని నేను మీకు చెప్పను. నిజమునకు ఖర్చు కలదు. ఆ నెల దినములు ఆ ఖర్చును మేమిద్దరము భరించితిమి.

ఆ నెలలో నాకు ధర్మశాస్త్రముల వైపు మనస్సు పోయినది. మన పూర్వులు వ్యవహారములను పదునెనిమిది పదములుగా విభజించిరి. అందు క్రయవిక్రయానుశయ మొకటి. అనుశయమనగా అమ్మిన పిదపనో కొన్న పిదపనో కలుగు పశ్చాత్తాపము. వస్తువును కొని గాని అమ్మి గాని మనసు మారినవాడు పదిదినములలో దానిని త్రిప్పి యీయవచ్చును, తీసికొనవచ్చును అని మనుస్మృతి చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యస్మృతి మఱికొంత సూక్ష్మముగ పోయి, ఒక్కొక్క వస్తువునకు పరీక్షాకాలమును వేఱువేఱుగ నిర్ణయించినది: విత్తనములకు పదిదినములు, ఇనుమునకు ఒక దినము, మోయు పశువునకు ఐదుదినములు, రత్నములకు ఏడుదినములు, పాడిపశువునకు మూడుదినములు. దాసదాసీజనమును గూడ ఆ పట్టికలో చేర్చుట ఆ కాలపు దోషము. దానిని మనము విడిచిపెట్టితిమి. తక్కినదానిలో ఎంత లోకజ్ఞాన మున్నదో చూడుడు. విత్తనపు గుణము మొలకెత్తినగాని తెలియదు. పాడిపశువు గుణము మూడుపూటలు పిదికిన గాని తెలియదు. ఇనుము గుణము కొలిమిలో పెట్టిన దినమే తెలియును.

ఇప్పుడొక పండితసందేహము. మోటారుసైకిలు ఇనుమా, వాహనమా? ఇనుమైనచో పరీక్షకు ఒక దినము చాలును; వాహనమైనచో ఐదుదినము లీయవలయును. చేయబడిన ద్రవ్యమును బట్టి చూతమా, చేయు పనిని బట్టి చూతమా? ఎద్దును రక్తమాంసములనుబట్టి గాదు, మోయు బరువునుబట్టి కొందుము. కనుక నా బండి వాహనమే, దానికి ఐదుదినములే అని తీర్పు చెప్పుకొంటిని. ఈసారి వచ్చువానికి ఐదుదినములు బండి నిచ్చి, నడపి చూచుకొమ్మనవలయునని నిశ్చయించితిని.

నేటి చట్టము ఏమనుచున్నదో గూడ తెలిసికొంటిని. 1930 నాటి వస్తువిక్రయ చట్టము ప్రకారము సామాన్యముగ కొనువాడే చూచి కొనుక్కొనవలయును. గుణమునకు అమ్మువాని పూచీ కొన్ని సందర్భములలోనే యుండును. 1872 నాటి ఒప్పందముల చట్టమున సామాన్యముగ ఊరకుండుట మాత్రమే మోసము గాదు. కాని తెలిసిన సంగతిని పూనుకొని కప్పిపుచ్చుట మోసమే. ఇక్కడ ఒక సన్నని గీత యున్నది. అతుకు మీద రంగు వేయునప్పుడు నేను త్రుప్పుపట్టకుండ వేయించితిని, మోసమునకు గాదు. అమ్మునాడు ఊరకుండినచో మాత్రము ఆ రంగే మోసమై పోయెడిది. రంగు మారలేదు, నా మౌనమే దాని పేరు మార్చెడిది.

నెల గడచిన పిదప ఒక పదవీవిరమణ పొందిన సైనికుడు వచ్చెను. సైన్యములో ఉత్తరములు మోయు పనిలో ఏండ్లతరబడి బుల్లెట్టు నడపినవాడు. ఆయన బండిని పరీక్షించిన తీరు చూచి నాకు ముచ్చట వేసినది. మొదట చేయి ఇంజనుపై పెట్టి, అది చల్లగా నున్నదా యని చూచెను. ముందుగ వేడిచేసి యుంచిన యింజను దోషములను దాచును. చల్లని యింజను దాచలేదు. ఇంజను లేచిన పిదప పొగగొట్టము చూచెను. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నదని, నల్లపొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువ పోవుచున్నదని గుర్తు. చక్రపుటాకులను చిన్న స్పానరుతో ఒక్కొక్కటిగ తట్టి విని, స్వరము తప్పినదానిని పట్టుకొనెను. యతి తప్పిన పాదమును నేను పట్టుకొన్నట్లే! ముందరి చక్రమును పైకెత్తి అటునిటు కదపెను. ఇంజను సంఖ్యను, చట్రముసంఖ్యను ఆర్.సి. పుస్తకముతో అక్షరమక్షరము సరిచూచెను.

అంతయు నైన పిదప నేను అతుకు సంగతి చెప్పితిని. ఆయన గోటితో అచ్చట గీచి చూచి, “మంచి పని. సైన్యములో ఇంతకన్న చెడ్డ అతుకులతో కొండలెక్కినాము, అయ్యవారూ. కాని దీనికి ధర తగ్గును” అనెను. లక్షా యేబదివేలకు మాట కుదిరినది. నేను ఐదుదినముల సంగతి చెప్పగా ఆశ్చర్యపడెను. పూచీగా తన సొంతబండిని మా యింట నిలిపి, నా బండిని తీసికొనిపోయెను.

ఐదవనాడు వచ్చెను. మొగమున సంకోచము. “అయ్యవారూ, మూడవ గేరు ఎక్కుడులో జాఱిపోవుచున్నది. గేరుపెట్టెలో అరుగుదల యున్నది. మీరు చెప్పలేదు” అనెను. నేను నిర్ఘాంతపోతిని. నాకు తెలియదు! ఆయనతో కలిసి ఊరిబయటి కట్టపైకి పోయితిని. ఆయన నడపుచుండగా గేరు జాఱినది. ఆయన దిగి, నన్ను నడపుమనెను. నేను నడపినప్పుడు జాఱలేదు. మఱల ఆయన నడపెను, జాఱినది. అప్పుడాయన నా పాదమును చూచి నవ్వెను. ఎక్కుడు వచ్చినప్పుడెల్ల నా కుడిపాదము గేరుమీటను నొక్కి పట్టుచున్నది. ఎన్ని సంవత్సరములనుండి అట్లు చేయుచుంటినో దేవునికే తెలియును. ఏడు నోటుపుస్తకములలో ఎక్కడను ఆ మాట లేదు. దోషమునకు అలవాటుపడిన పాదము దానిని మనస్సునకు చెప్పుట మానివేసినది.

పెద్దలారా, ఆ దినమున నేను నేర్చుకొన్నది ఇది. తెలిసిన దోషము చెప్పుట అమ్మువాని ధర్మము. కాని ఎంత సత్యవంతుడైనను అమ్మువానికి తనదాని దోషములన్నియు తెలియవు. ప్రేమ కొన్నిటిని కప్పును, అలవాటు కొన్నిటిని కప్పును. అందుకే శాస్త్రకారులు అమ్మువాని మాటతో సరిపెట్టక, కొనువానికి పరీక్షాకాలము నిచ్చిరి. అది అమ్మువానిపై అపనమ్మకము గాదు. అమ్మువానిని తన అజ్ఞానమునుండి కాపాడు కంచె. మఱి పదివేలు తగ్గించితిని. లక్షా నలువదివేలకు బండి ఆయనదైనది.

ధనము చేతికి వచ్చినది గదా, అమ్మకము ముగిసినదని అనుకొందురేమో. ముగియలేదు. ఇచ్చట నా జీవితములోని యొక తప్పును మీకు చెప్పవలసియున్నది. 1991లో మా యింట నున్న చిన్న మోపెడును ఒక దళారికి అమ్మితిని. ఆతడు ఇచ్చిన ఖాళీ కాగితములపై సంతకములు చేసి, సొమ్ము తీసికొని, ఆ సంగతియే మఱచితిని. నాలుగేండ్లకు న్యాయస్థానమునుండి నాకు తాఖీదు వచ్చెను. ఆ మోపెడు ఎన్ని చేతులు మారినదో, ఎవడు నడపుచుండెనో, ఒక కూలివానిని గ్రుద్ది కాలు విఱుగగొట్టెను. భీమా లేదు. పుస్తకములో పేరు నాదే. న్యాయస్థానపు వరండాలో ఆ కూలివాని భార్య చంటిబిడ్డతో కూర్చుండియుండుట చూచితిని. “మీదేనా ఆ బండి?” అని ఆమె అడిగెను. కాదని ఎట్లందును? ఔనని ఎట్లందును? మూడేండ్లు తిరిగి, చివరకు పరిహారమును నా జీతమునుండి వాయిదాలుగ చెల్లించితిని. ఆమెకు సొమ్ము ఆలస్యముగ చేరినది. ఆ యాలస్యమునకు కారణము నా సోమరితనమే. దళారిని నిందించి ప్రయోజనము లేదు.

2018లో సుప్రీంకోర్టువారు ఈ విషయమున స్పష్టముగ తీర్పు చెప్పిరి. వాహనము ఎన్ని చేతులు మారినను, రవాణాశాఖవారి పుస్తకమున ఎవరి పేరున్నదో చట్టము దృష్టిలో వారే యజమానులు. ప్రమాదపు పరిహారమునకు వారే బాధ్యులు. కనుక తాళపుచెవి ఇచ్చుటతో అమ్మకము ముగియదు. పేరు మారినప్పుడే ముగియును.

దాని క్రమమును గుర్తుంచుకొనుడు. 29వ నమూనా పత్రము అమ్మినట్లు తెలుపునది. 30వ నమూనా పత్రము పేరు మార్పు కోరునది. 1988 నాటి మోటారువాహనముల చట్టము ప్రకారము, అదే రాష్ట్రమునందైనచో అమ్మినవాడు పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేయవలయును. కొన్నవాడు ముప్పది దినములలో దరఖాస్తు చేయవలయును. వేఱు రాష్ట్రమునకు పోవునదైనచో 28వ నమూనాపై నిరభ్యంతర పత్రము తీసికొనవలయును. బండిపై అప్పు యున్నచో అది తీరినదని 35వ నమూనాలో అప్పిచ్చినవారిచే వ్రాయించుకొనవలయును. భీమాపత్రమును గూడ కొన్నవాడు పదునాలుగు దినములలో తన పేర మార్పించుకొనవలయును. ఖాళీ కాగితముపై సంతకము మాత్రము ఎన్నటికిని చేయరాదు. ఆ సైనికుడును నేనును ఒకేదినమున కార్యాలయమునకు పోయి పత్రములు దాఖలుచేసితిమి. క్రొత్త పేరుతో పత్రము వచ్చువఱకు నేను నిద్రలో గూడ ఆ వరండానే చూచుచుంటిని.

పాతబండ్ల విషయమున మఱియొక మాట. 2021లో కేంద్రప్రభుత్వమువారు ప్రాచీనవాహనములకై ప్రత్యేకనియమములు చేసిరి. మొదటి నమోదునుండి ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడకుండ నున్న బండ్లను, ఇరువదివేల రూపాయల రుసుముతో ఒక ప్రత్యేకసంఖ్య క్రింద నమోదు చేయించుకొనవచ్చును. అయితే అట్లు నమోదైన బండిని నిత్యప్రయాణములకు వాడరాదు; ప్రదర్శనలకును, ప్రాచీనవాహనముల యాత్రలకును, మరమ్మతునకును మాత్రమే బయటికి తీయవలయును. నా బండి దానికి తగిన వయస్సుదే. కాని ఆ సైనికుడు దానిని నడపుటకే కొన్నాడు. అద్దపుటరలో పెట్టుటకన్న రోడ్డుపై నడచుటయే దానికి గౌరవమని నాకును తోచినది. మీ యింట ఇట్టి బండి యున్నచో ఇంకొక జాగ్రత్త చెప్పెదను. నేటి పెట్రోలులో నూటికి ఇరువది వంతుల వఱకు ఇథనాలు కలియుచున్నది. పూర్వకాలపు రబ్బరుగొట్టములు దానికి మెత్తబడి కారును. వానిని మార్పించుడు.

పేరు మారిన దినమున సైనికుడు మా యింటికి వచ్చెను. నేను ఏడు నోటుపుస్తకములను ఎఱ్ఱగుడ్డలో కట్టి ఇచ్చితిని. ఎనిమిదవ పుస్తకము క్రొత్తది కొని, మొదటి పుటలో ఒకే వాక్యము వ్రాసితిని: “మూడవ గేరు ఎక్కుడులో జాఱును.” ఆయన నవ్వి, బండి లేపెను. ఆ శబ్దము వీథి మలుపు తిరిగి, చెఱువుకట్ట దాటి, వినబడనంత దూరము పోవువఱకు నా భార్యయు నేనును అరుగుమీద నిలిచియుంటిమి. ఆమె శస్త్రచికిత్స తరువాతి నెలలో జరిగినది. తగ్గిన నలువదివేలకు కొంత అప్పు చేసితిమి, అది తీఱుచున్నది. ఆమె ఇప్పుడు మెట్లెక్కుచున్నది. గుడిమెట్లే.

అయ్యలారా, నా మాట ముగించెదను. మనము వస్తువును అమ్మునప్పుడు దానితోబాటు దాని చరిత్రను గూడ అమ్ముచున్నాము. ఎద్దు కుంటిదైన సంగతి, పొలములో నీరు నిలుచు మూల, బండిచట్రములోని యతుకు, ఇవన్నియు వస్తువులోని భాగములే. చరిత్రను దాచి వస్తువును మాత్రమే ఇచ్చినవాడు తూకములో తక్కువ యిచ్చినవాడే. చెప్పవలసినది చెప్పుడు, చూచుకొనుటకు గడువిండు, పేరు మారువఱకు వెంట నుండుడు. ఈ మూడును జరిగిననాడు ధర కొంచెము తగ్గవచ్చును. కాని కొన్నవాడు దారిలో ఎదురైనప్పుడు మీరు వీథి మారనక్కఱలేదు. మొన్న సంతలో ఆ సైనికుడు నాకెదురై బండి యాపి, “అయ్యవారూ, ఎక్కుడు, దించెదను” అనెను. ఎక్కితిని. ఎత్తురోడ్డు వచ్చినప్పుడు, ఏమి చెప్పుదును, వెనుక గూర్చున్నను నా కుడిపాదము నొక్కుకొనుచునే యున్నది.

స్వస్తి.